ఒక్క ఊపిరిలో పధ్నాలుగు

జూన్ 3, మంగళవారం

మిషన్ బిగించడానికి వచ్చినవాడి మీద కోపం ఇంకా చల్లారలేదు. పదకొండు రోజులైంది. అరగంటలో అన్నీ చూపించేసి, “ఇది ఆక్సిజన్ ఇవ్వదు సార్. మామూలు గాలినే కాస్త బలంగా లోపలికి తోస్తుంది. ఆవిడ ఛాతీ కండరాలు చెయ్యలేని పని ఇది చేస్తుంది, అంతే” అని సంచీ సర్దుకున్నాడు.

అంతేనట. ముప్ఫై ఏళ్ళు కేబుల్ ఫ్యాక్టరీలో స్టోర్ కీపరుగా చేసి, సరుకు తెచ్చే లారీ డ్రైవర్లకు మూడు చెరువుల నీళ్ళు తాగించిన మనిషి మా అక్క. మోటార్ న్యూరాన్ జబ్బు ముందు ఆమె వేళ్ళు తీసుకుంది, తర్వాత చేతులు, నిరుడు కాళ్ళు. ఇప్పుడు ఊపిరి దగ్గరికి వచ్చింది. పడుకునేటప్పుడు ముక్కుకి మాస్కు, దానికో గొట్టం, గొట్టం చివర చెప్పుల పెట్టెంత బైపాప్ మిషన్. అంతే.

ఆసుపత్రివాళ్ళు ఒక నోటు పుస్తకం ఇచ్చారు. రోజూ పొద్దున నాలుగు గళ్ళు నింపాలి. మాస్కు ఎన్ని గంటలు ఉంది. లేవగానే వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ ఎంత. తలనొప్పి ఉందా. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలిగింది. ప్రతి గురువారం నర్సు ఫోన్ చేస్తుంది, నేను చదివి వినిపించాలి. లెక్క పదికి తగ్గినా, మీటరు తొంభై రెండుకి తగ్గినా గురువారం దాకా ఆగకుండా చెప్పమంది.

ఇవాళ అక్క పదహారు దాకా వచ్చింది. పదహారు దగ్గర నా వంక చూసింది, ఎలా ఉంది అన్నట్టు.

జూన్ 5, గురువారం

నర్సు ఫోన్. నేను చదివిన ప్రతి అంకెకీ “సరేనండి” అంటుంది. ఆ గొంతు వింటే ఒళ్ళు మండుతోంది. ఏసీ గదిలో కూర్చుని సరేనండి, సరేనండి.

మిషన్ రాసిచ్చిన రోజు పెద్ద డాక్టరు అన్న మాట మాత్రం చెవిలోనే ఉంది. “ఈ అంకెలు తగ్గడం మొదలుపెట్టినప్పుడు అందరం కూర్చుని తర్వాతి సంగతి మాట్లాడుకోవాలి.” తర్వాతి సంగతి ఏమిటో నాకు తెలియకనా. ఆయన గది బయట బెంచీ మీద చూశాను. నా వయసువాడే. గొంతుకి రంధ్రం, అందులో గొట్టం. పక్కన భార్య చిన్న పంపుతో కఫం లాగుతోంది. ఆ చప్పుడు. వాడు నన్ను చూసి నవ్వాడు కూడా.

మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. పదహారు మంచి అంకె.

జూన్ 9, సోమవారం

పధ్నాలుగు.

నేను నేర్పే డ్రైవింగ్ స్కూల్లో కొత్తగా చేరిన బ్యాంకు మేనేజరమ్మ ఇవాళ నన్ను నిలదీసింది. “మీరు దేనికండీ అరుస్తున్నారు? నేనింకా క్లచ్చు మీద కాలే పెట్టలేదు” అంది. నిజమే, పెట్టలేదు. అయినా పెట్టాక ఎలా తొక్కుతుందో నాకు తెలుసు.

జూన్ 12, గురువారం

పొద్దున పన్నెండు దగ్గర ఆగిపోయింది. లేచీ లేవగానే ఎవరికి మాత్రం గొంతు పెగులుతుంది. నాలిక పిడచ కట్టుకుపోయి ఉంది. కాసిని నీళ్ళు తాగించి మళ్ళీ అడుగుదామనుకున్నాను, ఇంతలో స్కూలుకి టైమైంది. నీళ్ళు తాగి ఉంటే పధ్నాలుగు వచ్చేది. పధ్నాలుగు రాశాను.

నర్సు “సరేనండి” అంది.

జూన్ 13, శుక్రవారం

పధ్నాలుగు.

జూన్ 14, శనివారం

పధ్నాలుగు. మీటరు తొంభై ఒకటి చూపిస్తోంది. బ్యాటరీ మార్చాలి.

ముక్కు మీద మాస్కు ఒరుసుకుని పుండు పడింది. అక్క తీసెయ్యమని తల ఊపుతుంటే ఎంతకని బిగించి ఉంచను. మధ్యలో తీసేశాను. గంటల గడిలో ఎనిమిది వేశాను. ఎనిమిది గంటలు పడుకుంది కదా.

జూన్ 17, మంగళవారం

మా ఆవిడతో గొడవ.

“వదిన పగలు కూడా కునుకుతున్నారు. పొద్దున సూపు తాగిస్తుంటే స్పూను నోట్లో ఉండగానే నిద్రపోయారు. ఫోన్లో నర్సుకి చెప్పారా?” అంది.

చెప్పానన్నాను.

“ఏమంది?”

“సరేనండి అంది.”

“తలనొప్పి సంగతి?”

“అన్నీ చెప్పానన్నానుగా. నన్ను సంజాయిషీ అడగడానికి నువ్వెవరు?” అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. పదిహేనేళ్ళుగా మా అక్క ఇంట్లో మేమున్నాం, అక్క తల మా ఆవిడే దువ్వుతుంది, ఒళ్ళు ఆవిడే తుడుస్తుంది. అయినా అలా ఆరా తీస్తే ఎవరికైనా మండుతుంది.

జూన్ 19, గురువారం

ఫోన్ బాల్కనీలోకి తీసుకెళ్ళి మాట్లాడాను. ఇంట్లో వాషింగ్ మిషన్ గోల, ఏమీ వినపడదు. అక్క గది తలుపు తెరిచే ఉంది, అయినా ఆ గోలలో ఆమెకెలా వినపడుతుంది.

జూన్ 22, ఆదివారం

పై వాటా పెద్దాయన వచ్చి అక్క మంచం పక్కన కూర్చుని ఉచిత సలహా ఇచ్చాడు. “ఒక ఆక్సిజన్ సిలిండరు తెచ్చి పెట్టవయ్యా, గొడవ వదిలిపోతుంది.” ఈ జబ్బులో అది ఒక్కటీ చెయ్యకూడదని నర్సు మొదటి ఫోన్‌లోనే చెప్పింది. చెడ్డగాలి బయటికి పోక రక్తంలో పేరుకోవడం అసలు రోగమట. మిషన్ లేకుండా ఉత్త ఆక్సిజన్ పెడితే మీటరులో అంకె బాగుంటుంది, లోపల మనిషి మునిగిపోతుందట.

ఆయనకు ఇదంతా చెప్పి, “అంకె బాగుంటే చాలా? మనిషి బాగుండక్కర్లేదా?” అని గట్టిగా దులిపేశాను. మొహం మాడ్చుకుని మెట్లెక్కాడు.

అక్క కళ్ళు తెరిచి నన్ను చాలాసేపు చూసింది.

జూన్ 24, మంగళవారం

ఆరు దగ్గర ఆగి కళ్ళు మూసుకుంది.

“ప్రయత్నం చెయ్యవేం?” అని అరిచాను. నిజంగా అరిచాను, మంచం కోడు పట్టుకుని. కళ్ళు తెరిచి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఏడు. ఏడు తర్వాత పెదాలు ఎనిమిది అన్నాయి, చప్పుడు రాలేదు.

సాయంత్రం “లారీ దించారా?” అని అడిగింది. ఏ లారీ అన్నాను. విసుక్కుని మొహం తిప్పుకుంది.

పుస్తకంలో ఏం రాశానో ఇక్కడ రాయను.

జూన్ 26, గురువారం

“చాలా నిలకడగా ఉన్నాయండీ అంకెలు” అంది నర్సు. ఆ తర్వాత కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. “ఒకసారి పెద్దావిడకి ఫోన్ ఇస్తారా?”

పడుకుందన్నాను.

“ఇప్పుడు పదకొండున్నర కదండీ.”

మనిషి పడుకోవడానికి కూడా మీ అనుమతి కావాలా అన్నాను. సరేనండి అంది. పదో తారీకున చూపించుకోవడానికి వచ్చేటప్పుడు మిషన్ పక్కన దూర్చి ఉన్న చిన్న కార్డు పట్టుకురమ్మంది. మాస్కు ఎన్ని గంటలు ఉందో, గాలి ఎంత కారిపోతోందో అన్నీ అందులో ఉంటాయట.

ఇల్లు మాది, మనిషి మా మనిషి, మధ్యలో కార్డు ఒకటి.

జూన్ 29, ఆదివారం

పధ్నాలుగు.

జూలై 3, గురువారం

ఇవాళ నర్సు ఫోన్ రాలేదు. మేమే ఆమె ఉన్నచోట ఉన్నాం.

మంగళవారం పొద్దున మాస్కు తీసి పిలిస్తే అక్క పలకలేదు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, చూపు లేదు. చెంప మీద తడితే ఏదో మూలిగింది. మా ఆవిడ వచ్చి ఒక్కసారి చూసి అంబులెన్సుకి ఫోన్ చేసింది. నేను మీటరు వేలికి పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఎనభై నాలుగు. వేలు మార్చాను. ఎనభై నాలుగు.

ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు కుర్రాడు, నిద్ర లేదేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మీటరు చూడగానే ఆక్సిజన్ గొట్టం అందుకున్నాడు. నేను నోరు తెరిచాను. అదే, పై వాటా ఆయనకు నేను చెప్పిన పాఠమే. నోటమ్మట మాట రాలేదు.

మా ఆవిడ అతని చెయ్యి పట్టేసుకుంది. జన్మలో పరాయి మగవాడి మీద గొంతెత్తని మనిషి. “ముందు మిషన్ పెట్టండి. ఉత్త ఆక్సిజన్ పెట్టకూడదు. ఈవిడకి మోటార్ న్యూరాన్ జబ్బు. ఊపిరి బలం లేదు. రక్తం తీసి చెడ్డగాలి ఎంతుందో చూడండి” అంది. అంబులెన్సులో బైపాప్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. నాకు చెప్పులు తొడుక్కోవాలని కూడా తోచలేదు, తను మిషన్ తెచ్చింది. అతను విసుక్కోబోయి ఆగాడు. రక్తం తీశాడు. కాగితం వచ్చాక మారు మాట్లాడకుండా మిషన్ పెట్టాడు.

నర్సు ఇవాళ వార్డుకి వచ్చింది. నేనెవరినో ఊహించుకున్నాను. రంగు గోళ్ళ పిల్ల. తీరా చూస్తే యాభై దాటిన మనిషి, తల ముగ్గుబుట్ట, మోకాలికి పట్టీ, కుంటుతూ నాలుగంతస్తులు తిరుగుతోంది. మిషన్‌లో కార్డు తీసి కంప్యూటరులో చూసింది. నా నోటు పుస్తకం పక్కన పెట్టుకుని చూసింది. కార్డు ప్రకారం రోజుకి నాలుగు గంటలు, ఒక్కోరోజు మూడు. ఆ కాసేపూ నిద్రలో దవడ జారి గాలంతా నోట్లోంచి పోయిందట. మూడు వారాల నుంచి.

“సోమవారం కూడా పధ్నాలుగేనాండీ?” అంది.

అరిచాను. వార్డంతా తిరిగి చూసింది. వారానికొకసారి ఫోన్ చేసి సరేనండి అంటే సరిపోతుందా, మనిషి మునిగిపోతుంటే మీకు తెలియక్కర్లేదా, మీరున్నది దేనికి, ఇంకా చాలా అన్నాను. ఆమె పుస్తకం మూసింది.

“నాకు అనుమానం వచ్చింది. ఈ జబ్బులో అంకెలు అలా నిలబడవు. పోయిన గురువారమే ఇంటికి రావాల్సింది. రాలేదు. అది నా తప్పు” అంది. “మిగతాది మీరు చూసుకోండి.”

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిట్టడానికి నా దగ్గర ఇంకా చాలా ఉంది.

జూలై 5, శనివారం

ముక్కూ నోరూ రెండూ కప్పే పెద్ద మాస్కు పెట్టారు. గాలి తోసే బలం పెంచారు. నిన్న సాయంత్రం నుంచి అక్క కళ్ళలోకి మనిషి తిరిగొచ్చింది. ఇవాళ మాస్కు తీసిన పావుగంటలో మాట్లాడింది. ఊపిరికి రెండు మాటలు.

“ఎంత… రాశావ్?”

“పధ్నాలుగు.”

“రోజూ?”

తల ఊపాను.

“లారీ వాళ్ళు… నయం రా. రోజుకో… అబద్ధం… చెప్పేవాళ్ళు.”

నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, చివరికి కోపమే మిగిలింది. నీకెలా తెలుసన్నాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న. ఏడు అన్నది ఆమె, పధ్నాలుగు అని నేను ఫోన్లో చెప్పింది విన్నదీ ఆమె. వాషింగ్ మిషన్ గోలట.

“తెలిసి ఎందుకు ఊరుకున్నావ్? ఒక్కమాట అనొచ్చుగా. చచ్చిపోయేదానివి. తెలుస్తోందా నీకు?”

అక్క కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. మాస్కు పెట్టబోతే వద్దని తల తిప్పింది.

“నాకూ… పధ్నాలుగే… వినాలనిపించింది.”

ఆ తర్వాత మాస్కు పెట్టాను.

జూలై 8, మంగళవారం

అందరం కూర్చున్నాం. పెద్ద డాక్టరు, నర్సు, మా ఆవిడ, నేను, చక్రాల కుర్చీలో అక్క. మాస్కు ఉంది, అందుకని అక్క మాట డాక్టరుకి అందడం లేదు. నేను చెవి దగ్గరగా పెట్టి విని పైకి చెప్పాలి. ఆ పని నేనే చేస్తానన్నాను.

డాక్టరు తొందరపడలేదు. ఇకమీదట పగలు కూడా కొన్ని గంటలు మాస్కు ఉండాలన్నారు. కొన్నాళ్ళకి మాస్కు చాలదన్నారు. అప్పుడు గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టొచ్చు, దాంతో ఏళ్ళు బతికినవాళ్ళున్నారు, కానీ రోజంతా ఎవరో ఒకరు పక్కనే ఉండాలి, జబ్బు మాత్రం ఆగదు. లేదా వద్దనుకోవచ్చు. వద్దనుకుంటే ఊపిరాడక బాధపడకుండా మందు ఇచ్చి చూసుకునే బాధ్యత మాది. ఏదైనా మీ ఇష్టం, మీరు ఎప్పుడు మనసు మార్చుకున్నా సరే, అన్నారు అక్క కళ్ళలోకి చూసి.

“పగలు… పెట్టుకుంటా” అంది అక్క.

“పగలు కూడా మాస్కు పెట్టుకుంటుందట” అన్నాను.

“పుండుకి… ఏదైనా… చూడమను.”

చెప్పాను. నర్సు రాసుకుంది.

“గొంతుకి… రంధ్రం… వద్దు.”

నేను గోడ మీద గడియారం చూశాను. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఎలాగైనా తిప్పి చెప్పొచ్చు. ఆలోచించుకుంటానంటోంది అనొచ్చు. నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది కూడా.

డాక్టరు ఎదురుచూస్తున్నారు. మా ఆవిడ తల దించుకుని పైట కొస మెలిపెడుతోంది, సాయానికి రాలేదు. అక్క నా వంకే చూస్తోంది. స్టోరులో తక్కెడ ముందు నిలబడి చూసే చూపు అది.

“చెప్పరా” అంది.

“గొంతుకి రంధ్రం వద్దంటోంది” అన్నాను.

అప్పుడు మళ్ళీ అరిచాను. ఈసారి అక్క మీదే. ఏళ్ళు బతకొచ్చని ఆయన అంటుంటే నీకేం పోయేకాలం అన్నాను. ఆ మాటే అన్నాను, ఆ గదిలో, ఆమెతో. ఎవరూ నన్ను ఆపలేదు. అక్క కూడా.

జూలై 11, శుక్రవారం

ఇంటికి వచ్చాం. నేను అక్కతో మాట్లాడడం లేదు. మాస్కు పెడుతున్నాను, తీస్తున్నాను, పుండుకి పట్టీ మారుస్తున్నాను. లెక్క అయిదు. అయిదని రాశాను, నర్సుకి ఫోన్ చేసి అయిదని చెప్పాను. దాంతో ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చూశాను. ఎవరూ మెచ్చుకోలేదు.

జూలై 15, మంగళవారం

అక్కే మొదలుపెట్టింది.

“ఎన్నాళ్ళు… ఈ మొహం?”

“నువ్వు నీ ఇష్టం వచ్చినట్టు తేల్చేసుకున్నావ్. నా మొహం నా ఇష్టం.”

“ఊపిరి… నాది. నీ అబ్బ… సొత్తా?”

అని ఆగి, కళ్ళు చికిలించింది. మా ఇద్దరి అబ్బా ఒకడేనని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. మాస్కు లోపల నవ్వేసరికి గాలి బుస్సుమని పక్కనుంచి కారి మిషన్ కూత పెట్టింది. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం నవ్వుతుంటే చూసి, పిచ్చి పట్టిందా మీకు అని వెళ్ళిపోయింది.

జూలై 24, గురువారం

ఇవాళ నర్సు ఒక కాగితం తెచ్చింది. అక్క మాట్లాడలేని రోజున ఆమె తరఫున డాక్టర్లతో ఎవరు మాట్లాడాలో అందులో రాయాలి. పేరు ఎలాగూ నాదే కదా అని పెన్ను తీసుకున్నాను.

“అమ్మాయి… పేరు… రాయండి” అంది అక్క.

అక్క అమ్మాయి అని పిలిచేది మా ఆవిడను.

నర్సు నా వంక చూడకుండా రాసింది. మా ఆవిడ “నేనా వదినా?” అంది, తెల్లబోయి. అక్క అవునని రెప్ప వాల్చింది. నన్ను సాక్షి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. పెట్టి కాగితం విసిరినట్టు ఇచ్చి బయటికి వచ్చేశాను.

తోడబుట్టినవాణ్ణి. ఒక్క తప్పు చేశాను, అదీ ఎవరి కోసం. జన్మంతా నన్ను దొంగ లెక్కలవాడి కిందే జమకట్టిందన్నమాట. బ్యాంకు మేనేజరమ్మ ఇవాళ మొదటిసారి మలుపు సరిగ్గా తిప్పింది, ఆమెనీ తిట్టాను.

జూలై 26, శనివారం

మా ఆవిడ నిన్నంతా ఏడ్చింది. “నాకు సరదా అనుకున్నారా? ఆ రోజు వస్తే వద్దని చెప్పాల్సింది నేను. మీరు నా వైపు ఎలా చూస్తారో నాకు తెలియదా?” అంది.

నేను దాని గురించి ఆలోచించనే లేదు.

జూలై 27, ఆదివారం

పొద్దున మాస్కు తీసి, మొహం తడిగుడ్డతో తుడిచి, అడిగేశాను. నిలబడే అడిగాను. “నా మీద నమ్మకం లేకనే కదా నా పేరు రాయించలేదు?”

అక్క కూర్చోమన్నట్టు కళ్ళతో మంచం చూపించింది. కూర్చున్నాను. చాలా ఊపిర్లు పట్టింది చెప్పడానికి. నేను మధ్యలో అందించలేదు, ఊహించి పూర్తి చెయ్యలేదు. ఆమె ఆగినచోట ఆగాను.

“ఆ గదిలో… నీ మొహం… చూశాన్రా. ఆ మాట… నీ నోటితో… ఇంకోసారి… చెప్పించలేను. ఒకసారి… చెప్పావ్. చాలు.”

కోప్పడదామని చూశాను, రాలేదు. అక్క మెడ కింద దిండు జారితే సర్ది, మాస్కు పట్టీలు చెవుల వెనక నుంచి తెచ్చి బిగించాను. మరీ బిగుసుకుందా అని అడిగాను. కాస్త వదులు చెయ్యమంది. చేశాను.